పేరు చెక్కిన రాయి, హద్దు చూపని పట్టా

మేడారం గద్దెల మీద జనం మొక్కేది పోరులో కూలిపోయిన ఒక ఇంటికి. సమ్మక్క, ఆమె పెనిమిటి పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, కొడుకు జంపన్న, అల్లుడు గోవిందరాజు. కాకతీయ సైన్యంతో తలపడి ఒకరి వెనక ఒకరు పోయారని కథ. జంపన్న పడిపోయిన సంపెంగ వాగు ఆయన పేరే పెట్టుకుంది. రెండేళ్లకోసారి లక్షల మంది బెల్లం బంగారం నెత్తిన పెట్టుకుని అక్కడికి వస్తారు. పోరులో పోయినవాణ్ని దేవుణ్ని చేసుకోవడం ఓరుగల్లు నేలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాకపోతే ఆ కథలో ఒక వెసులుబాటు ఉంది. ఇంటిల్లిపాదీ పోయారు. పింఛను అడిగేవాళ్లు, బడి ఫీజు కట్టాల్సినవాళ్లు, బోరు అప్పు తీర్చాల్సినవాళ్లు వెనక మిగల్లేదు. మొక్కు ఒక్కటే సరిపోయింది.

సరిహద్దులో చనిపోయిన జవాను ఇంట్లో అలా ఉండదు. పాతికేళ్లు నిండని భార్య ఉంటుంది, చంకలో బిడ్డ ఉంటుంది, ఎవుసం చేసే తండ్రి, మోకాళ్ల నొప్పుల తల్లి ఉంటారు. గౌరవం అందాల్సింది వీళ్లకు. పోయినవాడికి చేసేదంతా నిజానికి వీళ్ల కళ్ల ముందు చేసేదే.

పాతకాలం ఈ సంగతి కొంత తెలిసే నడుచుకుంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చేను గట్ల మీద, చెరువు కట్టల కింద వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, కొన్నిచోట్ల పైన సూర్యచంద్రులు. ఏ యుద్ధమో, ఎవరి కొడుకో మరిచిపోయిన ఊళ్లు కూడా వాటికి పసుపు రాసి మొక్కుతుంటాయి. బొమ్మ గురించి చాలామంది రాశారు. ఆ ఏర్పాటులో రెండో సగం గురించే మాట్లాడటం తక్కువ. యుద్ధంలో చనిపోయినవాడి వారసులకు పన్నులేని భూమి ఇచ్చేవారు. తెలుగులో దాన్ని రక్తమాన్యం అన్నారు, కన్నడ శాసనాల్లో నెత్తరు కొడగె అని ఉంటుంది. దానశాసనాల్లో పొలం ఎల్లలు చెక్కడం మామూలే కదా. తూర్పున ఫలానా వాగు, దక్షిణాన ఫలానా చింతచెట్టు, పడమర ఫలానావారి చేను. వీరుడికి బొమ్మ, ఇంటికి ఎల్లలు. రాజు మారినా, రాజుకు ఆ ఇల్లు గుర్తులేకపోయినా, పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఊరికి తెలుసు.

ఈ రెండింటిలో బొమ్మ చెక్కడం మనకు బాగానే అబ్బింది. ఎల్లల దగ్గరే వెనకబడ్డాం. ఇవాళ జవాను కుటుంబానికి కేంద్రం ఇచ్చేది ఫైల్లో రాసిన ఒక వర్గం ప్రకారం, రాష్ట్రం ఇచ్చేది మైకులో చేసిన ఒక ప్రకటన ప్రకారం. మొదటిది నిబంధన, ఇష్టం లేకపోతే కోర్టుకు వెళ్లొచ్చు. రెండోది దయ. దయను ఎవరూ కోర్టుకు ఈడ్చలేరు.

ముందు ఆ వర్గం సంగతి. ఉత్తర తెలంగాణలో ‘అమరుడు’ అన్న మాటకు హక్కుదారులు చాలామంది. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న కాల్పుల్లో పోయినవాళ్లకు అమరధామం ఉంది. బైరాన్‌పల్లికి రజాకార్ల దాడి జరిగిన 1948 ఉంది, ఇంద్రవెల్లికి గిరిజనుల మీద కాల్పులు జరిగిన 1981 ఏప్రిల్ 20 ఉంది. 1969 తెలంగాణ ఉద్యమం నాటి విద్యార్థులు, మలిదశ ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న యువకులు, ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్లు, మందుపాతరలకు బలైన పోలీసులు. ఒకే మండలంలో ఎదురెదురు పక్షాల స్తూపాలు రెండూ ఉండటం ఈ ప్రాంతంలో వింత కాదు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ అమరుల కుటుంబాలకు 10 లక్షలు, ఉద్యోగం అన్నప్పుడు అందరికీ ఎదురైన ప్రశ్న ఒకటే, పేరు జాబితాలో ఉందా లేదా అని. స్తూపం మీదికెక్కడం తేలిక, జాబితాలోకెక్కడం కష్టమని ఇక్కడివాళ్లకు అప్పుడే అర్థమైంది.

సైన్యంలో ఆ జాబితా ఇంకా కఠినం. అసలు ‘అమరుడు’ అనే హోదాయే సైనిక నిబంధనల్లో లేదు. ఈ మాట కేంద్రం పార్లమెంటులో ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. 2022 ఫిబ్రవరిలో సైన్యం తన విభాగాలకు లేఖ రాసి, ‘మార్టిర్’ అనే మాట వాడొద్దని, విధినిర్వహణలో ప్రాణత్యాగం, అత్యున్నత త్యాగం వంటి మాటలు వాడమని సూచించింది. ఫ్లెక్సీ మీద ‘వీరమరణం పొందిన అమర జవాను’ అని మనం ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, కాగితాల్లో ఉండేవి రెండే మాటలు. ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’, కాదంటే ‘ఫిజికల్ క్యాజువాలిటీ’. స్థూలంగా చెప్పాలంటే, శత్రువుతోనో ఉగ్రవాదులతోనో ముడిపడిన మరణం మొదటిది, ప్రమాదాలు, జబ్బులు రెండోది. ఏది ఎందులోకి వస్తుందో తేల్చేది యూనిట్ పంపే నివేదిక, చాలాసార్లు ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ. ఇంటిదగ్గర పెద్దకర్మ జరిగేనాటికి ఆ విచారణ మొదలై ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఆ ఒక్క మాట మీద ఆధారపడే డబ్బు చిన్నది కాదు. పింఛన్ల లెక్క చూద్దాం. చివరిగా లెక్కలోకి వచ్చే జీతం, అంటే మూలవేతనం, మిలిటరీ సర్వీస్ పే వగైరా కలిపి నెలకు 40,000 అనుకుందాం. పోరులో, ఉగ్రవాదుల దాడిలో చనిపోతే వచ్చేది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. అది పూర్తి జీతంతో సమానం, 40,000. సర్వీసు వల్లే జరిగిందని తేలిన ప్రమాదం, జబ్బు అయితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం, అంటే 24,000. సర్వీసుతో సంబంధం లేదని రాస్తే మామూలు ఫ్యామిలీ పెన్షన్. మొదటి పదేళ్లు సగం, ఆ తర్వాత 30 శాతం, అంటే 12,000. వీటి మీద కరువుభత్యం వేరుగా కలుస్తుంది, కానీ అదీ శాతమే కాబట్టి తేడా తగ్గదు, పెరుగుతుంది. ఇరవై నాలుగేళ్లకు భర్త పోయిన స్త్రీ డెబ్బై అయిదేళ్లు బతికితే ఆ తేడా యాభై ఏళ్లు నడుస్తుంది.

ఎక్స్‌గ్రేషియా (ఒకేసారి ఇచ్చే సాయం) కూడా అంతే. 2016 జనవరి 1 నుంచి అమలవుతున్న కేంద్రం రేట్ల ప్రకారం, విధినిర్వహణలో ప్రమాదం జరిగి పోతే 25 లక్షలు. ఉగ్రవాదుల హింసకు బలైతే 25 లక్షలు. సరిహద్దు ఘర్షణల్లో, ఉగ్రవాదుల మీద చర్యలో పోతే 35 లక్షలు. ఎత్తయిన, చేరలేని పోస్టుల్లో మంచుకో ప్రకృతి విపత్తుకో బలైతే 35 లక్షలు. యుద్ధంలో శత్రువు చేతిలో అయితే 45 లక్షలు. రెండో మూడో వరసలు ఒకసారి మళ్లీ చదవాలి. ఉగ్రవాది వచ్చి చంపితే ఒక రేటు, ఉగ్రవాదిని పట్టబోయి పోతే ఇంకో రేటు. వేటాడేవాడికి, వేటకు గురైనవాడికి మధ్య పది లక్షల తేడా ఎందుకో రాసినవాళ్లకు ఒక తర్కం ఉండే ఉంటుంది. దుఃఖంలో ఉన్న తల్లికి దాన్ని వివరించే పని మాత్రం వాళ్లది కాదు. ఆ పని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక గుమాస్తా నెత్తిన పడుతుంది.

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి జవాను ర్యాడ మహేశ్ 2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని మచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో పోరులో ప్రాణాలు విడిచాడు. రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలం మల్కాపూర్‌కు చెందిన అనిల్ ఆర్మీలో హెలికాప్టర్ టెక్నీషియన్. 2023 మే 4న కిష్త్వార్ కొండల్లో ధ్రువ్ హెలికాప్టర్ కూలి చనిపోయాడు. రెండు ఊళ్లలోనూ కిలోమీటర్ల కొద్దీ జనం నడిచారు. రెండు శవపేటికల మీదా అదే మూడు రంగుల జెండా. ఊరు ఈ రెండు చావుల మధ్య తేడా చూడలేదు. నిబంధన చూస్తుంది. చూడాల్సిందే అని వాదించేవాళ్లూ ఉన్నారు, పోరుకు ప్రత్యేక గుర్తింపు ఉండకపోతే పోరాడేవాడికి అర్థమేముందని. ఆ వాదన పతకాల విషయంలో సబబే. శౌర్యానికి పతకం ఇవ్వాలి. కానీ బియ్యం ధర, బడి ఫీజు, మందుల బిల్లు శౌర్యాన్ని బట్టి మారవు. కుటుంబ పింఛనును శౌర్యంతో కొలవడం దగ్గరే లెక్క తప్పింది.

ఇక రాష్ట్రం సంగతి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు నేలకొరిగారు. మరుసటి జనవరిలో ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. ఆయన పోయిన వారానికే, 2020 జూన్‌లో, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సూర్యాపేట వెళ్లి భార్యకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి రూపాయల చెక్కులు, బంజారాహిల్స్‌లో 711 గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగ పత్రం అందించారు. దేశంలో ఏ రాష్ట్రమైనా అంత త్వరగా, అంత పెద్ద సాయం చేసిన సందర్భాలు అరుదు. తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. అదే గల్వాన్‌లో పోయిన మిగతా 19 మంది ఇతర రాష్ట్రాలవాళ్లు. వాళ్ల కుటుంబాలకు కూడా తలా 10 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రకటించింది. ఆ చెక్కుల్లో జార్ఖండ్ కుటుంబాలవి 2022 మార్చిలో రాంచీలో, బిహార్ కుటుంబాలవి 2022 ఆగస్టులో పట్నాలో చేతికందాయి. ప్రకటనకు, చెక్కుకు మధ్య దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో కేసీఆర్ చూపు జాతీయ రాజకీయాల వైపు తిరిగిందని అందరికీ తెలుసు. అంతకుముందు 2019 ఫిబ్రవరిలో పుల్వామా జవాన్ల కుటుంబాలకు తలా 25 లక్షలని శాసనసభలో ప్రకటన వచ్చింది. కోమన్‌పల్లి కుటుంబానికి 50 లక్షలు, ఇంటిస్థలం, ఒక ఉద్యోగం అన్నారు.

5 కోట్లు, 50 లక్షలు, 25 లక్షలు, 10 లక్షలు. హోదాను బట్టి ఇచ్చారా, సందర్భాన్ని బట్టి ఇచ్చారా, టీవీల్లో ఎన్ని రోజులు నడిచిందన్నదాన్ని బట్టా? రేపు కాటారం నుంచో, బోథ్ నుంచో ఒక సిపాయి పోతే ఎంత వస్తుందని అడిగితే ఈ నాలుగు అంకెల్లోంచి జవాబు తీయడం ఎవరి తరమూ కాదు. అందుకే జవాను చనిపోయిన ఊళ్లలో శవం రాకముందే ఒక అలిఖిత కార్యక్రమం మొదలవుతుంది. ఎవరో ఒక నాయకుడు ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తాడు, మంత్రి వస్తాడా కనుక్కుంటాడు, రోడ్డు మీద బైఠాయిస్తే ఎలా ఉంటుందని ఎవరో అంటారు. శవయాత్రలో బేరం నడవడం చూసి బయటివాళ్లు ఈసడించుకుంటారు. ప్రకటన తప్ప హక్కు లేనిచోట బేరమే మిగులుతుందని వాళ్లకు తట్టదు.

కేంద్ర బలగాల కుటుంబాల పరిస్థితి ఇంకో మెట్టు కింద. ఉత్తర తెలంగాణ నుంచి సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్‌లలో చేరేవాళ్లు తక్కువేం కాదు. ఊరికి వాళ్లూ ‘మిలిటరోళ్లే’. ప్రభుత్వానికి కాదు. వాళ్లు రక్షణ శాఖ కింద కాదు, హోంశాఖ కింద ఉంటారు. మాజీ సైనికుడు అనే నిర్వచనంలోకి రారు. భర్త సీఆర్‌పీఎఫ్‌లో చనిపోయిన స్త్రీ సైనిక సంక్షేమ కార్యాలయం మెట్లెక్కితే, అక్కడివాళ్లు ఎంత మంచివాళ్లయినా చెప్పగలిగింది ఒకటే, ఇది మా పరిధి కాదమ్మా అని. కేంద్ర ఎక్స్‌గ్రేషియా వీళ్లకూ ఉంది, చర్యలో పోతే 35 లక్షలు, విధుల్లో పోతే 25 లక్షలు. 2017 ఏప్రిల్‌లో మొదలైన భారత్ కే వీర్ వేదిక ద్వారా జనం ఇచ్చే విరాళం నేరుగా కుటుంబం ఖాతాలో పడుతుంది, ఒక్కో కుటుంబానికి 15 లక్షల పరిమితితో. కానీ చుట్టుపక్కల అడిగి తెలుసుకోవడానికి జిల్లాలో అందరికీ తెలిసిన తలుపు అంటూ లేకపోవడం డబ్బు కన్నా పెద్ద లోటు.

నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నివీర్ కుటుంబానిది పూర్తిగా వేరే లెక్క. 2022 జూన్‌లో పథకం ప్రకటించిన మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో పోయింది వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలం పిల్లవాడే. సైన్యం కోసం తయారవుతూ, సైనికుడు కాకుండానే పోయాడు. ఆ రోజు కుర్రాళ్లను వీధికీడ్చిన భయాల్లో పింఛను కూడా ఒకటి. విధుల్లో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, నాలుగేళ్లలో మిగిలిన కాలానికి జీతం, సేవానిధి (సర్వీసులో పోగయ్యే మొత్తం) వస్తాయి. ఒక్కసారి చూస్తే రెగ్యులర్ సిపాయికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కన్నా పెద్ద మొత్తమే. నెలనెలా పింఛను మాత్రం ఉండదు. కోటి రూపాయలు ఒకేసారి వచ్చిన పల్లె ఇంట్లో ఏమవుతుందో ఉత్తర తెలంగాణకు చెప్పాలా? ప్రాజెక్టుల కింద భూములు పోయి పరిహారం వచ్చిన ఊళ్లు చాలా ఉన్నాయి. కార్లు, పెళ్లిళ్లు, చుట్టాల అప్పులు, ప్లాట్ల దళారులు. మూడేళ్లకు బ్యాంకు పాసుబుక్కులో మిగిలిన అంకెలు. పింఛను అలా కరగదు. ఎవరూ దాన్ని చేబదులు అడగలేరు. రక్తమాన్యానికి దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే అది నెలనెలా వచ్చే పింఛనే, ఒకేసారి వచ్చే మూట కాదు.

కాగితాల సంగతికి వద్దాం. చావు తర్వాత కొన్ని వారాలకు, కొన్నిసార్లు నెలకు, ఇంటికి ఒక నల్ల ట్రంకు పెట్టె వస్తుంది. ఇనప రేకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. సెలవుకు వచ్చినప్పుడల్లా అతను రైల్లో సీటు కిందికి తోసుకుని తెచ్చినదే. యూనిట్ నుంచి వచ్చినవాళ్లు సామాను జాబితా ముందు పెట్టి, ఒక్కొక్కటి చూసుకుని సంతకం చేయమంటారు. యూనిఫాం జతలు రెండు. బూటు పాలిష్ డబ్బా. క్యాంటీన్ కార్డు. సగం వాడిన సబ్బుతో సబ్బు పెట్టె. బ్యాంకు పాసుబుక్కు. ఫోను, చార్జరు. బిడ్డ పుట్టినప్పటి ఫొటో. జాబితాలో ఫొటోకు ధర ఉండదు, ‘ఒకటి’ అని మాత్రం ఉంటుంది. అన్నిటికన్నా విలువైన కాగితం ఆ పెట్టెలో ఉండదు. అది రికార్డ్ ఆఫీసులో ఉంటుంది, ఉంటే.

దాని పేరు పార్ట్ టూ ఆర్డర్. జవాను పెళ్లి చేసుకున్నా, బిడ్డ పుట్టినా, నామినీని మార్చినా యూనిట్ ద్వారా ఆ ఆర్డర్ వెలువడి సర్వీసు రికార్డులోకి ఎక్కాలి. ఎక్కితేనే సైన్యం దృష్టిలో అతనికి భార్య ఉన్నట్టు. నెల సెలవులో పెళ్లి చేసుకుని తిరిగి వెళ్లిన కుర్రాడు పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తర్వాత పంపిద్దాంలే అనుకుంటాడు. ఇంతలో జరగాల్సింది జరుగుతుంది. ఎక్కినా పేరు తంటా ఉంటుంది. ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో తల్లిగారి ఇంటిపేరు, సర్వీసు రికార్డులో ఇంటిపేరే లేకుండా ఒట్టి పేరు. మహబూబాబాద్ వైపు తండాల్లో అయితే ఇంకా చిక్కు. భూక్య, భూక్యా, బుక్యా అని మూడు కాగితాల్లో మూడు రకాలు, పేరు చివర ‘బాయి’ ఒకదాంట్లో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఆ ముగ్గురూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవాలి, తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, రక్షణ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో ఎక్కించాలి. మీసేవ సెంటర్ కుర్రాడికి స్పర్శ్ అంటే తెలియకపోతే పక్క మండలం పోవాలి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో డిఫెన్స్ ప్యాకేజీ కింద ప్రమాద బీమా ఉంటుందని, దానికి గడువులోపు విడిగా దరఖాస్తు చేయాలని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

చెప్పొచ్చేదేమంటే, గౌరవంలో సగం పని పెళ్లయిన నెలలోనే అయిపోవచ్చు. సెలవుకు వచ్చిన ప్రతి జవానునూ కూర్చోబెట్టి, పార్ట్ టూ పడిందా, నామినీ ఎవరు, ఆధార్‌లో పేరు సరిపోయిందా అని అడిగే మాజీ సైనికుడు ఊరికొక్కడు ఉంటే చాలు. చెడు మాట ఎందుకని ఇంట్లోవాళ్లు ఆ ముచ్చట ఎత్తనివ్వరు. అపశకునమట.

జెండా సంగతి ఇంకా నాజూకు. చితికి నిప్పంటించే ముందు పేటిక మీది జెండా తీసి, మడిచి, కుటుంబానికి అందిస్తారు. ఒక్కటే జెండా. భార్య చేతికా, తల్లి చేతికా? సైన్యం దృష్టిలో పెళ్లయినవాడికి నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే మొదటి వారసురాలు, భార్యే, పింఛనూ ఆమెకే మొదట. పెళ్లికానివాడైతే తల్లిదండ్రులు. 2024 జూలైలో కెప్టెన్ అంశుమాన్ సింగ్‌కు మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చాక ఆయన తల్లిదండ్రులు ఈ నిబంధన మార్చాలని బహిరంగంగా అడిగారు. దేశమంతా రెండు పక్షాలై కొట్టుకుంది. సోషల్ మీడియాలో ఆయన భార్యను అన్న మాటలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ తల్లిదండ్రుల ప్రశ్న అబద్ధం కాదు. మన దగ్గర పట్టాలో తండ్రి పేరుంటుంది, బ్యాంకు అప్పు తండ్రి పేరున ఉంటుంది, ఆ అప్పు కట్టే డబ్బు కొడుకు జీతంలోంచి వస్తుంది. పెళ్లయి ఏడాది కాని కోడలు పెద్దకర్మ తర్వాత తల్లిగారింటికి పోవడం రివాజు. డబ్బు ఆమెతో పోయిందని ఇక్కడ, బిడ్డ బతుకేం కానని అక్కడ, రెండిళ్లు పంచాయితీకి కూర్చుంటాయి. సూర్యాపేటలో నాలుగు కోట్ల చెక్కు భార్యకు, కోటి చెక్కు తల్లిదండ్రులకు అని విడిగా ఇవ్వడంలో చాలా తెలివి ఉంది. అది ఆ ఒక్క ఇంటికే ఆగిపోయింది. పింఛను భార్యదిగానే ఉంచి, రాష్ట్రం ఇచ్చే సాయంలో తల్లిదండ్రుల వాటా ముందే జీవోలో రాసి పెడితే, జెండా ఎవరికిచ్చినా ఇల్లు చీలదు.

భార్యకు సైన్యం పెట్టిన పేరు ‘వీర్ నారీ’. దాన్ని మన పత్రికలు వీరనారి అని రాస్తాయి. పాలకుర్తి వైపు వీరనారి అంటే చాకలి ఐలమ్మ, రోకలి పట్టి తన పంటను తాను కాపాడుకున్న మనిషి. ఏమీ చేయకుండా, ఒక ఫోన్‌కాల్‌తో ఆ బిరుదు నెత్తిన పడిన ఇరవై మూడేళ్ల అమ్మాయికి అది భుజం మీద చెయ్యిలా కాక బరువులా ఉంటుంది. వీరనారి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఏమనాలి? నిబంధనలు కూడా చాలాకాలం అదే తడబాటులో ఉన్నాయి. శౌర్య పతకంతో వచ్చే నెలసరి భత్యం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయిన భర్త తమ్ముణ్నో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. 2017 నవంబర్‌లో ఆ షరతు ఎత్తేశారు. జెండా పండుగ నిధి నుంచి కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే పెళ్లి సాయం 2025 నవంబర్ నుంచి 50 వేలు కాస్తా లక్ష అయింది, అది కూతుళ్ల పెళ్లికే కాదు, ఆమె పునర్వివాహానికి కూడా. కాగితం ఊరి కన్నా ముందుకు నడిచిన అరుదైన చోటు ఇది.

పిల్లల చదువు విషయంలో అదే కాగితం ఒకసారి వెనక్కి నడిచింది. పోరులో చనిపోయినవాళ్ల పిల్లల ఫీజంతా ప్రభుత్వమే కట్టే ఏర్పాటు 1971 యుద్ధం తర్వాత వచ్చింది. 2017 జూలైలో దానికి నెలకు 10 వేల పరిమితి పెట్టారు. గోల పుట్టాక 2018 మార్చిలో తీసేశారు. ఆ ఎనిమిది నెలల్లో ఇంజినీరింగ్ మధ్యలో ఉన్నవాళ్లను తలుచుకుంటే, ఎక్కడో ఢిల్లీలో పెట్టిన ఒక అంకె పెట్టెలో పెట్టిన జెండాను ఎంత చిన్నబుచ్చుతుందో తెలుస్తుంది.

గుర్తు చేసుకోవడంలో మాత్రం ఇటీవలి కాలం లోటు చేయలేదు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లు గ్రానైట్ మీద ఉన్నాయి. రోజూ సాయంత్రం ఒక జవాను కుటుంబం నుంచి ఒకరు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచుతారు. 2022లో ఎన్‌సీసీ పిల్లలు ఇళ్లకు వెళ్లి కృతజ్ఞతా ఫలకాలు ఇచ్చారు. 2023 ఆగస్టులో మేరీ మాటీ మేరా దేశ్ పేరుతో పంచాయతీల్లో శిలాఫలకాలు లేచాయి. ఊరి చౌరస్తాలో విగ్రహం సంగతి వేరే. అది చాలాచోట్ల కుటుంబమో, దోస్తులో, యువజన సంఘమో చందాలేసుకుని పెట్టించినది. సిమెంటు జవాను, చేతిలో సిమెంటు తుపాకి. ముఖం ఫొటోతో కలవదని తల్లి అంటుంది, అయినా ఆగస్టు 15కు ముందు ఆమే బిందెడు నీళ్లు తెచ్చి కాళ్లు కడుగుతుంది. తుపాకి గొట్టం ఒకటి రెండు వానాకాలాలకు విరిగి లోపలి ఇనప చువ్వ బయటపడుతుంది.

మిగిలింది భూమి. రాష్ట్రంలో సైనికులకు, మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి కేటాయించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది, రెండున్నర ఎకరాల తరి (నీటి పారకం) లేదా ఐదెకరాల ఖుష్కి (మెట్ట) లెక్కన. మామూలు అసైన్డ్ భూమిలా కాకుండా పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలు వాళ్లకు 1963 నాటి 743 నంబరు జీవో ఇచ్చింది. అమ్మబోతే అభ్యంతరం లేదనే కాగితం, అంటే ఎన్‌వోసీ కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగే తంతు మరో కథ. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పోయిన జవాను మురళీ నాయక్ కుటుంబానికి పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 50 లక్షలతో పాటు ఐదెకరాలు, 300 గజాల ఇంటిస్థలం అన్నప్పుడు పాత మాన్యం మళ్లీ గుర్తుకొచ్చింది. భూమి ఇవ్వాలనుకోవడం మంచిదే. ఇచ్చే తీరులోనే ఉంది తిరకాసు. పట్టా కాగితంలో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఆ సర్వే నంబరులో నలభై ఎకరాలుంటే అందులో ఈ ఐదెకరాలు ఎటువైపో ఉండదు. మోక మీదికి పోతే ఎవరో పత్తి వేసుకుని ఉంటారు, వాళ్లూ పేదవాళ్లే, వాళ్ల దగ్గరా ఏదో ఒక కాగితం ఉంటుంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆ పత్తిచేలో నిలబడి ఇది నాది అనలేడు.

సబ్‌డివిజన్ కావాలంటే మండల సర్వేయర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. చలాన్ కట్టాలి. పక్క రైతులకు నోటీసులు పోవాలి. సర్వేయర్ వచ్చి కొలిచి, నాలుగు మూలలా గుంతలు తీయించి హద్దురాళ్లు పాతాలి. రాళ్లు మాత్రం దరఖాస్తుదారే తెచ్చుకోవాలి.